తిట్లను ముందు చూపే సౌకర్యం: ముంబై భోజనాలకు ఏడేళ్లు వాడిన తర్వాత

ఫోనులో దారి చూపే యాప్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పవలసినది లేదు కాబట్టి, అందులో నేను ఏడేళ్లుగా వాడుతున్న ఒకే ఒక సౌకర్యం గురించి రాస్తాను. ఏ హోటలు పేరు నొక్కినా కింద జనం రాసిన అభిప్రాయాలు వస్తాయి, వాటిని ఏ వరుసలో చూడాలో మనమే ఎంచుకోవచ్చు. ఆ ఎంపికల్లో అట్టడుగున, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట, 'తక్కువ రేటింగు ముందు' అన్నది ఒకటి ఉంటుంది. ఆఫీసు పని మీద 2018 నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాదు నుంచి ముంబై వెళ్లి వస్తున్నాను. ఆ ఊళ్లో నేను తిన్న మంచి భోజనాల్లో సగానికి పైగా నాకు ఆ అట్టడుగు ఎంపిక చూపించినవే.

ముంబై రేవు పట్టణం. కొంకణ తీరం వాళ్లు, మంగళూరు వాళ్లు, గోవా వాళ్లు, గుజరాతీలు, ఇరానీలు, తమిళులు ఎవరి వంటను వాళ్లు వెంట తెచ్చుకుని అక్కడ స్థిరపడ్డారు. తినడానికి వచ్చేవాళ్లూ అలాగే నలుమూలల వాళ్లు. మాల్వణీ పులుసును పంజాబీ నాలుకతోనూ, ఇరానీ పులావును హైదరాబాదీ నాలుకతోనూ కొలిచి, ఆ మార్కులన్నీ కూడి సగటు తీస్తే మంచి హోటలుకూ మామూలు హోటలుకూ ఒకే అంకె వస్తుంది. నేను చూసినంతలో ఆ అంకె దాదాపు ఎప్పుడూ 4.2. పొగడ్తలూ అంతే, అన్నిటికీ ఒకటే 'సూపర్', ఒకటే 'మస్ట్ ట్రై'. తిట్టేవాడు మాత్రం ఓపికగా, వివరంగా రాస్తాడు. తను ఏ ఊరివాడో, ఏం ఆశించి వచ్చాడో, అక్కడ ఏం దొరికిందో అన్నీ అందులోనే బయటపడతాయి.

మొదటిసారి ఇది నాకు తెలిసివచ్చింది ఫోర్ట్ ప్రాంతంలో ఒక సందులో. ఎదురెదురుగా రెండు చేపల భోజనశాలలు, రెండింటికీ 4.2. ఎండలో నిలబడి రెండింటి తిట్లూ చదివాను. మొదటిదానికి బిల్లులో లేని వస్తువు కలిపారనీ, తిన్న తర్వాత కడుపు చెడిందనీ రాశారు. రెండోదానికి వచ్చిన ఫిర్యాదులు వేరే రకం: మధ్యాహ్నం రెండు గంటలు దాటితే చేప అయిపోయిందంటారు, అడిగినది కాకుండా ఉన్నదే తినమంటారు, ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోబెడతారు, సోల్‌కఢీలో చక్కెర వేయలేదు. ఇంతకన్నా గొప్ప సిఫారసు ఎవరు ఇస్తారు? చేప అయిపోయిందంటే ఆ పూటకు తెచ్చినదే ఆ పూట వండుతున్నారని అర్థం. సోల్‌కఢీలో చక్కెర వేయకపోవడం ధర్మం. కోకం తొక్కల పులుపు, కొబ్బరిపాలు, కాస్త వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిసిన ఆ గులాబీరంగు పానీయం చల్లగా గొంతు దిగుతుంటే ఆ తిట్టినాయనకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. ఆ రోజు నాకు దొరికింది బాంగ్డా ఒక్కటే. బాంగ్డా అంటే మన కానగంతలే. ఆ చేపకు శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరులోనూ మన 'కనగుర్త' అన్న మాటే ఉందని తెలిసినప్పటి నుంచి దాని మీద నాకు కొంచెం చుట్టరికం కూడా ఏర్పడింది.

అప్పటి నుంచి ఇదే పద్ధతి. బల్లార్డ్ ఎస్టేట్‌లో 1923 నుంచి ఉన్న బ్రిటానియా అనే ఇరానీ హోటలుకు నన్ను తీసుకెళ్లింది కూడా ఇలాంటి తిట్టే. బిర్యానీ అనుకుని వెళ్తే అన్నంలో పుల్లటి గింజలు వచ్చాయని మన ఊరాయన ఎవరో వాపోయాడు. అక్కడి బెర్రీ పులావులో ఉండవలసింది ఆ పులుపే కదా! మాటుంగా స్టేషను పక్కన 1942 నాటి రామా నాయక్ ఉడిపి భోజనశాలలో అరిటాకు ముందు కూర్చోవాలంటే వరుసలో నిలబడక తప్పదు. అటువంటి చోట 'చాలాసేపు నిలబెట్టారు' అన్న మాట నాకు తిట్టుగా వినిపించదు.

ఇదే కిటుకును హైదరాబాదులోనూ వాడబోయి భంగపడ్డాను. మన ఊళ్లో ఏ బిర్యానీ హోటలు తిట్లు చదివినా 'మునుపటిలా లేదు' అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ 'మునుపు' ఎప్పుడన్నది రాసినవాడికైనా తెలుసో లేదో.

ఇంతగా నమ్మిన సౌకర్యం 2023 జూలైలో నన్ను మా పెద్దమ్మ ముందు తలదించుకునేలా చేసింది. ఆవిడది కాకినాడ పక్కన ఉప్పాడ. పదేళ్లుగా ఈసీఐఎల్‌లో మా అన్నయ్య దగ్గర ఉంటోంది. "చెరువు చేపలు తిని తిని నా నోరు చచ్చిపోయిందే అమ్మాయ్, ఆ బొంబాయిలోనైనా సముద్రం చేప పెట్టించు" అని అడిగి మరీ నాతో రైలెక్కింది. మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది మొదలు, చందువలు, వంజరం, వానమట్టలు అంటూ ఒకటే జపం. వానమట్టలంటే ముంబైవాళ్ల బోంబిల్. నీళ్లతో నిండిన మెత్తటి చేప కాబట్టి, శుభ్రం చేసి బరువు కింద అదిమి నీరు తీసి, రవ్వ పట్టించి వేయిస్తారు. సరిగా కుదిరితే పైన కరకరలాడి లోపల వెన్నలా కరిగిపోతుంది.

రైల్లోనే తిట్లన్నీ చదివి దాదర్ ప్రాంతంలో ఒక హోటలు ఎంచాను. పాంఫ్రెట్ అయిపోయిందన్నారని ఒకరు, సురమై, అంటే వంజరం, లేదు పొమ్మన్నారని ఇంకొకరు, మూడింటికే వంటిల్లు కట్టేశారని మరొకరు. నా లెక్క ప్రకారం నూటికి నూరు మార్కులు. గుడికి వెళ్లి ఆలస్యమై మేము అక్కడ చేరేసరికి మూడుంపావు అయింది. వంటిల్లు తెరిచే ఉంది. లామినేషన్ చేసిన కార్డులో ఉన్న చేపలన్నీ సిద్ధంగా ఉన్నాయని కూడా చెప్పారు. అక్కడే నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, మన అదృష్టం బాగుందని పెద్దమ్మతో అన్నాను.

వానమట్టల ప్లేటు వచ్చింది. చూడటానికి బంగారు రంగులో నిండుగా ఉన్నాయి. పెద్దమ్మ ఒకదాన్ని కొస పట్టుకుని ఎత్తగానే పైనున్న రవ్వ తొడుగు చొక్కా చేతిలా ఆవిడ వేళ్లలో మిగిలిపోయి, లోపలి చేప తడి దూదిలా జారి ప్లేటులో పడింది. దాని చుట్టూ నెమ్మదిగా నీరు ఊరింది. చందువ ముక్క తుంచి వాసన చూసి అదీ పక్కన పెట్టేసింది. కోప్పడలేదు. తాజా చేపేనా అని నా చేత హిందీలో అడిగించింది. పొద్దున్నే వచ్చిన సరుకని వడ్డించే కుర్రాడు కళ్లు పైకెత్తకుండానే చెప్పాడు.

"ఇక్కడ వేట నిషేధం ఎప్పుడే?" అని అడిగింది పెద్దమ్మ.

నాకు తెలియదన్నాను.

"మా ఊళ్లో ఎండాకాలం రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే కూర్చుంటాయి. వీళ్లకు మాత్రం సముద్రం మేనమామదా, ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వడానికి? ఇది చచ్చి ఎన్నాళ్లయిందో దానికే గుర్తుండదు."

2,180 రూపాయలు కట్టి, పెరుగన్నం తిని బయటికి వచ్చాం.

బసకు వచ్చి వెతికితే తెలిసింది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రాన్ని కొంత విశ్రాంతిగా వదిలేయడానికి దేశంలో రెండు తీరాలకూ వేట విరామం ఉంది, రెండింటికీ 61 రోజులే కానీ తేదీలు వేరు. మన తూర్పు తీరానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, ముంబై ఉన్న పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 వరకు. నిషేధం యాంత్రిక పడవలకే. ఇంజను లేని చిన్న నాటు పడవలకు మినహాయింపు ఉంది కాబట్టి చేప బొత్తిగా రాదనడానికి లేదు, అయితే వానల్లో ఆ పడవలు తెచ్చే కొద్దిపాటి చేపతో అంత పెద్ద నగరంలో ప్రతి హోటలు కార్డూ నిండదు. జూలైలో అన్ని రకాలూ ఉన్నాయంటే అవి చాలావరకు ఐసుగదిలోంచి వచ్చినవో, దూరం నుంచి వచ్చినవో అయి ఉంటాయి. ఐసు చేప తినడం నేరమేమీ కాదు, ఐసు చేపని చెప్పి పెడితే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

హైదరాబాదు వాళ్లకు ఈ తేదీలు తెలియకపోవడానికి కారణం లేకపోలేదు. మృగశిర కార్తె ప్రవేశించే జూన్ రెండో వారానికి రెండు తీరాల్లోనూ నిషేధం నడుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండదు. కొరమేను, బొచ్చె, రవ్వ అన్నీ చెరువుల్లోవే కదా, సముద్రానికి సెలవని మనకెలా తెలుస్తుంది? నేను ఏడాదికి నాలుగుసార్లు రేవు పట్టణానికి వెళ్తూ కూడా అక్కడి సముద్రానికి ఒక క్యాలెండరు ఉంటుందని ఆలోచించలేదు.

ఇక సౌకర్యం సంగతి. ఆ రాత్రి అవే తిట్లను మళ్లీ తీసి, ఈసారి తేదీలు చూశాను. చేప అయిపోయిందన్న ఫిర్యాదులన్నీ నవంబరు, డిసెంబరు, జనవరి నెలలవి. ఒక్కటీ వానాకాలానిది కాదు. తక్కువ రేటింగును ముందు పెట్టమంటే యాప్ నక్షత్రాల ప్రకారమే పేరుస్తుంది, కాలాన్ని కలిపేస్తుంది. నాలుగేళ్ల కిందటి తిట్టూ పోయిన వారం తిట్టూ పక్కపక్కనే కూర్చుంటాయి. తేదీ ఉంటుంది, కానీ ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందంటే, రైలు ఊగుతుంటే నా వయసు కళ్లకు ఆనదు. నెలను బట్టి వడకట్టే వీలు ఇవ్వకపోవడం పెద్ద లోపమని నేను ఇప్పటికీ అంటాను.

కాకపోతే తప్పంతా యాప్ మీద తోసేస్తే అబద్ధమవుతుంది. రైల్లో నేను పక్కన పెట్టేసిన మరో చిన్న హోటలు కింద ఒక్క నక్షత్రంతో ఇలా ఉంది: వానాకాలంలో చేపల హోటలుకు వెళ్తే చేపలు లేవన్నారు, ఎండుచేపల కూర పెట్టి పంపారు. అది నిజంగానే తిట్టు అని నేను నమ్మేశాను. ఇన్నేళ్లుగా తిట్లలోంచి పొగడ్తలు ఏరుకునే విద్య వచ్చిందని గర్వపడి, అన్నిటికన్నా ఖరీదైన పొగడ్తను చూస్తూ చూస్తూ దాటేశాను.

మర్నాడు అక్కడికే వెళ్లాం. గోడకు నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో రాసిన మూడే వరుసలు. మిగతావి తుడిచేసిన మరకలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నావిడ మేము అడగకముందే తాజా చేప లేదని చెప్పేసింది. బల్ల మీదున్న జవళా అంటే సన్నటి ఎండురొయ్యలు. ఉల్లిపాయలతో వేయించి, కోకం వేసి, బియ్యప్పిండి రొట్టెతో పెట్టారు. ఎండు బోంబిల్ చట్నీ వేరే గిన్నెలో వచ్చింది. ఎండుచేప కాలితే వచ్చే ఆ ఘాటు తగలగానే పెద్దమ్మ మొహం మారిపోయింది. ఉప్పాడ మాటలు మొదలుపెట్టి, ఇంకో రొట్టె అడిగి, గిన్నె అడుగు వరకూ తుడిచి తిన్నాక "ఉల్లిపాయ ఇంకాస్త వేగాల్సిందే" అంది. ఆవిడ అంతకన్నా ఎక్కువ మెచ్చుకోగా నేను ఎన్నడూ వినలేదు.

ఇప్పటికీ ఆ ఎంపికను వాడుతున్నాను, మునుపటంత ధీమాగా మాత్రం కాదు. ముందు నెల చూసుకుంటాను, తర్వాత తిట్లు, ఆ తర్వాత హోటల్లో కూర్చోకముందే ఈ రోజు ఏది వచ్చిందన్న ప్రశ్న. అన్నీ ఉన్నాయని జవాబు వస్తే, ఏ నెలైనా సరే, ఇంకో రెండు హోటళ్లు చూస్తాను. కొత్తగా తెరిచిన చోట్ల తిట్లు పదైనా ఉండవు కాబట్టి అక్కడ ఇది దండగ. నేను చాలావరకు ఒంటరిగా, మధ్యాహ్నం పూట, హిందీ మాట్లాడగలిగిన ధైర్యంతో తిరుగుతాను. ముళ్ల చేపకూ పక్కవాళ్ల మోచేతికీ వెనకాడను. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు వరుసలో నిలబెట్టడం, టేబుల్ పంచుకోమనడం నిజంగానే తిట్లు, వాటిలో నాలాగా వేరే అర్థాలు వెతకనక్కర్లేదు. వాళ్లు సగటు అంకెనే నమ్ముకుని ఏసీ ఉన్న చోట కూర్చోవడం మంచిదేమో, చెప్పలేను.

పెద్దమ్మ ఈ ఏడాది మళ్లీ వస్తానంటోంది. ఆగస్టు మొదటి వారంలో ఆఫీసు పని పడిందని ఫోనులో చెబితే వెంటనే వద్దంది. రాఖీ పౌర్ణమి నాడు అక్కడి జాలరులైన కోలీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పిస్తారని ఎవరిని అడిగి తెలుసుకుందో తెలియదు. "ఆ కాయ నీళ్లలో పడ్డాక ఇంకో పది రోజులు ఆగి టికెట్లు తియ్యవే, ఈలోపు నీ ఫోనులో ఏం చదువుకుంటావో చదువుకో" అని పెట్టేసింది.