గోడ మీద మల్లీశ్వరి, చేతిలో మగవాళ్ల రాడ్డు

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు లోపలి వీధిలో ఉన్న ఒక వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణ కేంద్రానికి మా అమ్మాయిని ఐదు నెలలుగా పంపుతున్నాను. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు.

లోపలికి అడుగు పెట్టగానే గోడ నిండా కరణం మల్లీశ్వరి చిత్రం, దాని కింద ‘240 కిలోలు ఎత్తిన తెలుగు బిడ్డ’ అన్న పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. అది చదివిన పిల్లలు ఆమె ఒకే ఊపులో 240 కిలోలు లేపిందని అనుకుంటున్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో (నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆ తర్వాత తల పైకి ఎత్తడం) 130 ఎత్తగా వచ్చిన మొత్తం అది. అంతకు ముందు 1994, 1995లలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల విభాగంలో. సిడ్నీలో స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి; శరీర బరువు తక్కువైనందున చైనాకు చెందిన లిన్ వీనింగ్‌కు స్వర్ణం దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 వేయించుకుని ఎత్తలేకపోయింది. నన్నడిగితే ఆ గోడ మీద రాయవలసింది ఆ నిలవని 137.5 గురించే.

శిక్షణ విషయంలో వంక పెట్టడానికి లేదు. మొదటి నెలన్నర ప్లాస్టిక్ గొట్టంతోనే సాధన చేయించారు. మడమ ఒక్క వేలెడు లేచినా మాస్టారు ఆపి, మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు.

చిక్కంతా సామగ్రితోనే. పోటీల్లో ఆడవాళ్ల బార్ (ప్లేట్లు తగిలించే రాడ్డు) బరువు 15 కిలోలు, పట్టుకునే చోట మందం 25 మిల్లీమీటర్లు. మగవాళ్లది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. ఇక్కడ ఉన్నవన్నీ రెండో రకమే. బొటనవేలిని రాడ్డుకు ఆనించి, దాని మీదుగా మిగతా వేళ్లు బిగించే హుక్ గ్రిప్‌కు ఆ 3 మిల్లీమీటర్లే అడ్డం. "రాడ్డు లావుగా ఉండాది నాయనా, వేళ్లు మూసుకోవడంలేదు" అని మా అమ్మాయి అరచేయి చూపించినప్పుడు బొటనవేలి పక్కన చర్మం కమిలిపోయి ఉంది. పైగా 5 కిలోల కన్నా చిన్న ప్లేట్లు లేకపోవడంతో, రెండు వైపులా వేస్తే 30 తర్వాత నేరుగా 40కే పోవాలి. రెండున్నర కిలోల తేడాతో స్వర్ణం చేజారిన మనిషి బొమ్మ కిందే ఈ పరిస్థితి!

అడిగితే ‘వచ్చే నెల తెప్పిస్తాము’ అన్నారు. ఆ మాట విని మూడు నెలలైంది. చివరికి 15 కిలోల బార్ ఒకటి మేమే కొన్నాము. అది రెండు మీటర్ల పైచిలుకు పొడవు కాబట్టి రోజూ స్కూటర్ మీద మోయలేక కేంద్రంలోనే ఉంచాము. ఇప్పుడు మిగతా ఆడపిల్లలు కూడా దాని కోసమే వరుసలో నిలబడుతున్నారు.