లైలా స్లిమానీ నవలల వెంట రబాత్, మెక్నెస్

మొరాకో యాత్రకు మరాకెష్, ఫెజ్ నగరాలను కాదని రబాత్, మెక్నెస్‌లను ఎంచుకోవడానికి కారణం లైలా స్లిమానీ రచనలే. 1981లో రబాత్‌లో పుట్టిన ఆమె 1999లో చదువు కోసం పారిస్ చేరారు. కొన్నేళ్లు పాత్రికేయురాలిగా పనిచేసి, 2014లో తొలి నవల వెలువరించారు. ఇద్దరు పసిపిల్లలను చంపిన ఆయా కథ చెప్పే రెండో నవలకు 2016లో ఫ్రాన్స్‌లోని గోంకూర్ పురస్కారం లభించింది. అయితే ఆ రెండు నవలలూ పారిస్‌లో నడుస్తాయి; మొరాకోలో వెతకదగినవి 2020లో మొదలైన కుటుంబ నవలాత్రయంలో ఉన్నాయి.

రబాత్‌లో యాత్రికునికి ఇబ్బందులు తక్కువ. 2011 నుంచి ట్రామ్ నడుస్తోంది, నీలిరంగు చిన్న టాక్సీలు మీటరు వేస్తాయి. రబాత్ విల్ స్టేషన్ సమీపంలో బస చేస్తే పాతబస్తీకి నడిచే వెళ్లవచ్చు. 1199లో కట్టిస్తున్న ఖలీఫా మరణంతో పని ఆగిపోయి 44 మీటర్ల ఎత్తున నిలిచిన హసన్ మినారు, ఉదాయా కోట చూడవలసినవే. బ్యాంకు అధిపతిగా ఉన్న లైలా తండ్రి ఆర్థిక కుంభకోణం ఆరోపణలపై జైలు పాలై, 2004లో మరణించి, ఆ తరువాతనే నిర్దోషిగా తేలారు. 2025లో వచ్చిన నవలాత్రయం మూడో భాగానికి ఆ వేదనే ప్రేరణ. అది చదివినవారికి ఈ మర్యాదస్తుల నగరపు ప్రశాంతత కొంచెం అనుమానాస్పదంగానే కనిపిస్తుంది.

అసలు ప్రతిఫలం మాత్రం రెండు గంటల పైచిలుకు రైలు ప్రయాణం తరువాత మెక్నెస్‌లో దక్కింది. ఫ్రెంచి సైన్యంలో పోరాడిన మొరాకో సైనికుణ్ణి పెళ్లాడి, రెండో ప్రపంచ యుద్ధానంతరం ఈ ఊరికి కాపురానికి వచ్చిన, ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు యువతి, అంటే రచయిత్రి అమ్మమ్మ, తొలి భాగంలోని మతిల్ద్ పాత్రకు మూలం. బూఫెక్రాన్ వాగు లోయకు ఒక గట్టున మదీనా, అంటే పాతబస్తీ, మరో గట్టున ఫ్రెంచివారు కట్టుకున్న కొత్త పట్టణం ఉన్నాయి. ఎవరి గట్టు ఎవరిది అన్న ప్రశ్నే నవలంతా పరుచుకుంటుంది. అందుచేత కొత్త పట్టణం నుంచి లోయ దాటి, 1732లో పూర్తయిన బాబ్ మన్సూర్ ద్వారం వరకు నడవడం ఏ గైడు చెప్పే కథకన్నా ఎక్కువ బోధపరిచింది.

మదీనాలోని రియాద్‌లో, అంటే సంప్రదాయ గృహంలో, బస అందమైనదే: నడుమ ఫౌంటెన్ ఉన్న మండువా, ఉదయం వేడివేడి మ్సెమెన్ రొట్టెలు. కానీ సందుల్లోకి టాక్సీ రాదు, పెట్టెలు మోసుకోవాలి, గదుల కిటికీలన్నీ లోపలికే తెరుచుకుంటాయి. కొత్త పట్టణంలోని పాతకాలపు హోటల్లో వేడినీళ్లు ఆలస్యంగా వచ్చినా, వీధి కనిపించే బాల్కనీ, నడకదూరంలో అమీర్ అబ్దెల్‌కాదర్ స్టేషన్ ఉన్నాయి గనుక నా ఓటు దానికే. శాకాహారులు మట్టిపాత్రలో వండే కూరగాయల తాజీన్ అడగవచ్చు గాని, శుక్రవారం వండే గోధుమ రవ్వ వంటకం కుస్‌కుస్‌లో మాంసం రసం ఉంటుందేమో ముందే తెలుసుకోవాలి.

తొలి భాగంలో మతిల్ద్ దంపతులు సాగుచేసే పొలం దర్శనీయ స్థలం కాదు. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని వొలూబిలిస్ రోమన్ శిథిలాలకు పెద్ద టాక్సీ మాట్లాడుకుంటే ఆలివ్, ద్రాక్ష తోటలు దారిలోనే కనిపిస్తాయి. నిరీక్షణతో సహా ధర ముందే తేల్చుకోవాలి. ఫెజ్ చూడకుండా ఉండలేనివారు సైతం మెక్నెస్‌లోనే బస చేయవచ్చు, రైలులో అది ముప్పావు గంట దూరమే.