కోపిష్టి తేనెటీగల పెట్టెకి పోస్టులో తెప్పించిన ఇటాలియన్ రాణి, 4 స్టార్లు

మేముండేది టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో పక్కన. ఆఫ్రికనైజ్డ్ ఈగలు, అంటే ఆఫ్రికా జాతి రక్తం కలిసిన కోపిష్టి తేనెటీగలు, 1990లోనే హిడాల్గో దగ్గర ఈ రాష్ట్రంలోకి దిగాయి, ఇక ఇక్కడ కొత్త రాణి ఎగిరెళ్లి ఏ పోతుటీగలతో (మగవి) కలిసొస్తుందో ఎవడికీ తెలీదు. మా పెట్టెలో ఈగలు సొంతంగా రాణిని మార్చుకున్నాయి, అంతే, ఆ తర్వాత మూత తీస్తే చాలు వడగళ్లలా ముసుగు మీద టపటపా పడటం, కారు దాకా వెంటపడటం, ఒకటి కుట్టిందంటే ఆ అరటిపండు వాసనకి ఇంకో యాభై రావడం, పక్కింటాయన గడ్డి కోయడమే మానేశాడు పాపం.

అందుకే మేటింగ్ అయిపోయిన, సాధు జాతి ఇటాలియన్ రాణిని ఆర్డర్ పెట్టా. రాణి రేటు పర్లేదు, షిప్పింగే చుక్కలు చూపించింది. కానీ సరుకు మాత్రం సూపర్ అండి. చిన్న పంజరం, ఒక చివర క్యాండీ (పెట్టెలో ఈగలు దాన్ని తినేశాకే రాణి బయటికొస్తుంది), సేవకి నాలుగైదు ఈగలు, రాణి వీపు మీద నీలం చుక్క, 2025 రాణులకి ఆ రంగే వేస్తారు. చురుగ్గా తిరుగుతోంది.

స్టార్ ఎందుకు కోశానంటే, వాళ్ల కార్డులో "పాత రాణిని తీసేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎలా తీస్తాం బాబూ, వేల ఈగలు మీద పడుతుంటే? ఎండ బాగా ఉన్నప్పుడు పెట్టెని దూరంగా జరిపి పాత చోట ఇంకో పెట్టె ఒకట్రెండు ఫ్రేములతో (తేనెపట్టు ఉండే చెక్క చట్రాలు) పెట్టండి, మేతకెళ్లే ముసలి ఈగలన్నీ అక్కడికే తిరిగొస్తాయి, ఎక్కువ కుట్టేది అవే, జరిపిన పెట్టెలో మిగిలేవి పిల్ల ఈగలు కాబట్టి నిమ్మళంగా వెతుక్కోవచ్చు. పాతదాన్ని చంపి మర్నాడు పంజరం పెట్టండి. ఈగలు పంజరాన్ని కొరుకుతూ కదలకపోతే రాణిని వదలొద్దు, సొంతంగా కొత్త రాణిని పెంచుకునే గదులు కడుతున్నాయేమో చూసి తీసేయండి.

ఇక కింద రివ్యూల్లో "వారమైంది ఇంకా కుడుతున్నాయి, డబ్బులు దండగ" అని ఒక స్టార్ ఇచ్చినోళ్లని చూస్తే నవ్వొచ్చింది. ఆ కుట్టేవి పాత రాణి కూతుళ్లండీ! కొత్త రాణి పెట్టిన గుడ్డు నుంచి కూలి ఈగ (పనిచేసే ఆడ ఈగ) రావడానికే 21 రోజులు, పాతవి పోవడానికి ఇంకో ఆరు వారాలు. మాకూ దాదాపు రెండు నెలలు పట్టింది, ఇప్పుడు గ్లవ్స్ లేకుండానే ఫ్రేములు తీస్తున్నా.

ఆర్డర్ పెట్టేటప్పుడు సోమవారం పంపమని గట్టిగా చెప్పండి, వీకెండ్ ఎండలో పోస్టాఫీసులో ఇరుక్కుంటే రాణి బతకదు.