డ్రీమ్ థియేటర్: మూర్ మేలా, రూడెస్ మేలా?

2023 అక్టోబరులో అమెరికన్ బ్యాండు డ్రీమ్ థియేటర్‌లోకి పాత డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ప్రోగ్రెసివ్ మెటల్ (తాళాలు మారుతూ సాగే హెవీ రాక్) వినే మిత్రులు నన్ను అడిగేది ఒకటే: పోర్ట్‌నాయ్ మేలా, మంగీనీ మేలా? నా ఓటు పోర్ట్‌నాయ్‌కే. పోర్ట్‌నాయ్ లేని ఏళ్ళలో డ్రమ్స్ వాయించిన మంగీనీ తాళం తప్పడం నేనెప్పుడూ వినలేదు, ‘ది ఏలియన్’ పాటకి గ్రామీ వచ్చింది కూడా అతనున్నప్పుడే. అయితే పోర్ట్‌నాయ్ చెయ్యి డ్రమ్స్ దగ్గర ఆగదు. పాటల కూర్పులో, మాటల్లో, కచేరీలో ఏ పాట తర్వాత ఏది రావాలన్న దాంట్లో కూడా ఉంటుంది.

కానీ అసలు అడగాల్సింది డ్రమ్మర్ల గురించి కాదు. ఈ బ్యాండు పాట తీరు మారిపోయింది కీబోర్డు దగ్గర. మొదట్లో కీబోర్డు వాయించిన కెవిన్ మూర్ వెళ్ళిపోయాక ఒక రకం పాట వాళ్ళకి మళ్ళీ రాలేదని నా గట్టి నమ్మకం.

కీబోర్డు వాయించేవాణ్ణి నేను సోలోని బట్టి అంచనా వెయ్యను. గిటార్ హోరు మీద ఉన్నప్పుడు అతను ఏం చేస్తాడు, ఎక్కడ ఊరుకుంటాడు అన్నదే చూస్తాను. ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ ఆల్బమ్ (1992)లో ‘వెయిట్ ఫర్ స్లీప్’ వినండి. రెండున్నర నిమిషాల పాట. పియానో, జేమ్స్ లబ్రీ గొంతు, దాదాపు అంతే. దాని వెంటనే వచ్చే ‘లర్నింగ్ టు లివ్’ పదకొండు నిమిషాలు దాటుతుంది. అన్ని మలుపులు తిరిగాక మధ్యలో ఆ పియానో వరస మళ్ళీ తలెత్తుతుంది, ప్రాణం లేచొస్తుంది.

పైగా మూర్ మాటలు కూడా రాసేవాడు. బ్యాండుకి పేరు తెచ్చిన ‘పుల్ మి అండర్’ మాటలు అతనివే. ‘అవేక్’ (1994) చివర్లో ఉన్న ‘స్పేస్ డై వెస్ట్’ అయితే మాటా బాణీ రెండూ అతనివే. నెమ్మదైన పియానో, మధ్యమధ్య ఎవరివో సంభాషణల ముక్కలు. డ్రమ్స్, గిటార్ బలంగా దిగేది పాట చివరికొచ్చాకే. ఆల్బమ్ విడుదలయ్యేసరికి మూర్ బ్యాండులో లేడు. ఆ తర్వాత ఆ పాట వేదిక ఎక్కింది 2014లోనే, అదీ ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్న రూడెస్ చేతుల మీదుగా.

జోర్డన్ రూడెస్‌ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. తొమ్మిదేళ్ళకే న్యూయార్క్ సంగీత విద్యాలయం జూలియార్డ్‌లో పియానో నేర్చుకున్నవాడు. 1994లోనే ఒక కచేరీకి వీళ్ళతో వాయించి, డిక్సీ డ్రెగ్స్ అనే ఇంకో బ్యాండు వైపు వెళ్ళి, 1999లో ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ ఆల్బమ్ నాటికి పూర్తిగా వచ్చి చేరాడు. అందులోని ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ ఆరు నిమిషాలు. తాళం వందసార్లకి పైగా మారుతుంది, మధ్యలో ఉన్నట్టుండి రాగ్‌టైమ్ (పాతకాలపు అమెరికన్ హుషారు శైలి) పియానో దూకుతుంది. జాన్ పెట్రూచీ గిటార్‌తో సమానంగా, అదే వేగంతో అవే స్వరాలు పరిగెత్తించడం మూర్ కాలంలో ఈ స్థాయిలో లేదు. కచేరీలో కూర్చుని చూస్తే రూడెస్‌కి సాటి లేడు.

నా ఇబ్బందల్లా ఆ పరుగు అలవాటుగా మారడమే. ఖాళీ కనిపిస్తే నింపేస్తాడు. అలా నింపని చోట మాత్రం అద్భుతం. ‘ఆక్టావేరియం’ పాట (2005) మొదటి నిమిషాలు కంటిన్యువమ్ (వేలు జారిస్తే స్వరమూ జారే కీబోర్డు లాంటి వాయిద్యం) మీద ఎంత ఓపిగ్గా సాగుతాయో వినండి, నేనంటున్నది మీకే తెలుస్తుంది.

మూర్‌కీ రూడెస్‌కీ మధ్యలో కీబోర్డు దగ్గర డెరెక్ షెరీనియన్ ఉన్నాడు, 1994 చివర నుంచి 1999 దాకా. ఆర్గాన్ మోత బాగుంటుంది. ‘ఎ చేంజ్ ఆఫ్ సీజన్స్’ వింటే చాలు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’, ‘అవేక్’, ఆ తర్వాత ‘సీన్స్’ వినండి. ‘సీన్స్’ పెట్టేముందు 1992 నాటి ‘మెట్రోపొలిస్’ మొదటి భాగం ఇంకోసారి వినడం మర్చిపోకండి. ‘సీన్స్’ దానికి రెండో భాగం. అందులో రూడెస్ వాయించే కొన్ని వరసలు అక్కణ్ణుంచి వచ్చినవే, అక్కడ కీబోర్డు మూర్‌ది.