లాక్ పద్ధతా, రూసో పద్ధతా: పిల్లలకు నీతి నేర్పడానికి ఏది మేలు?

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ 1693లో పిల్లల పెంపకం మీద అచ్చువేసిన పుస్తకం అసలు ఉత్తరాల కట్ట. హాలెండులో తలదాచుకున్న రోజుల్లో, కొడుకును ఎలా పెంచాలో చెబుతూ ఒక స్నేహితుడికి రాసినవి. అందుకే అందులో తత్వవేత్త కన్నా ఇంటి పెద్ద గొంతే ఎక్కువ వినిపిస్తుంది. అయినదానికీ కానిదానికీ కొట్టొద్దు, మిఠాయి ఆశ పెట్టొద్దు, మాట తెలిసే వయసు రాగానే కారణం చెప్పి ఒప్పించండి అంటాడు. మరి పిల్లవాడు ఎందుకు వింటాడు? మంచిపేరు మీద మోజుతో, చెడ్డపేరంటే సిగ్గుతో.

ఫ్రెంచిలో రాసిన తత్వవేత్త రూసోకి ఇది అస్సలు నచ్చలేదు. ఎమీల్ అనే ఊహాబాలుడిని ఒక గురువు పెంచే తీరు చెబుతూ 1762లో ఆయన రాసిన ‘ఎమీల్’లో లాక్ పేరెత్తి మరీ కాదంటాడు. చిన్నపిల్లలతో తర్కిస్తే పెద్దల మాటల్ని చిలకల్లా అప్పజెబుతారు, అంతే. పన్నెండేళ్ల దాకా నీతిబోధలే వద్దు. పిల్లవాడు తన గది కిటికీ అద్దం పగలగొట్టాడా? తిట్టకండి, కొత్త అద్దం వేయించకండి. రాత్రీ పగలూ చలిగాలి తగలనివ్వండి. కాకి, నక్క కథ గురించి ఆయన చెప్పింది ఇంకా పదునుగా ఉంటుంది: పిల్లలు కాకిని చూసి బుద్ధి తెచ్చుకోరు, నక్క తెలివికి ముచ్చటపడతారు. ఒక క్లాసులో ఆ కథ చెప్పి చూడండి, రూసో మాట నిజమనిపిస్తుంది.

చిక్కు వేరే చోట ఉంది. ఎమీల్ చిక్కుడు గింజలు నాటి, రోజూ నీళ్లు పోసి పెంచుతాడు. ఒక పొద్దున చూస్తే అన్నీ పీకేసి ఉంటాయి. తోటమాలి వచ్చి, ‘నేను ముందే వేసుకున్న పుచ్చ విత్తనాల్ని పాడుచేసింది మీరే’ అంటాడు. ఆస్తి అంటే ఏమిటో పిల్లవాడికి అలా తెలుస్తుంది. కానీ ఇలాంటి అనుభవాల వెనక గురువుగారి ఏర్పాటు ఉంటుంది. స్వేచ్ఛలా కనిపించే లొంగుబాటును మించినది లేదని రూసో రాశాడు, అదీ గురువుకు సలహాగా! రేపు ఓటు వేయాల్సిన పిల్లల్ని అలా పెంచడమంటే నాకు భయమే.

ఇద్దరి చూపూ అందరిదాకా పోలేదు. లాక్ రాసింది పెద్దింటి కొడుకు కోసం. పేదల పిల్లల్ని మూడేళ్లకే పని బడుల్లో పెట్టాలని 1697లో ప్రతిపాదించిందీ ఆయనే. రూసో ఆడపిల్లల చదువును మగవాడిని మెప్పించడం దగ్గరే ఆపేశాడు. 1792లో ఇంగ్లీషు రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ దీన్నే ఎండగట్టింది.

ఇంట్లోకైతే నా ఓటు లాక్‌కే. కారణం పైకి చెబితే పిల్లలు ఎదురు ప్రశ్న వేయొచ్చు. దాచిన ఏర్పాటుకు ఎదురు చెప్పేదెలా? అయితే మంచిపేరు అనే ఆయుధాన్ని మాత్రం ఆచితూచి వాడాలి. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న టెన్షన్‌తో పెరిగినవాడు ఆ నలుగురూ తప్పుచేసినప్పుడు నోరు విప్పడు.

బడికి మాత్రం ఈ ఇద్దరూ చాలరు. అక్కడ ఫ్రెంచి తత్వవేత్త కొండోర్సే కావాలి. 1792 ఏప్రిల్‌లో ఫ్రెంచి శాసనసభకు ఇచ్చిన నివేదికలో, రాజ్యాంగాన్ని కూడా ఆకాశం నుంచి దిగివచ్చిన శాసనంలా బోధించకూడదన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో రాజ్యాంగ పీఠిక ఉంటుంది. దాన్ని చదివించే టీచరు, ‘ఇందులో మార్చాల్సింది ఏమైనా ఉందా?’ అని కూడా పిల్లల్ని అడగాలి, ఆయన లెక్క ప్రకారం.