గ్రాఫీన్ కిట్: షీట్లు బాగున్నాయి, కాగితమే తప్పు

కావలిలో మా డిగ్రీ పిల్లలకు చూపిద్దామని ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి ఈ గ్రాఫీన్ కిట్ తెప్పించా. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందమే ఉండే కార్బన్ పొర, తేనెపట్టు గళ్ల అమరికలో. గ్రాఫైట్ ముక్కలు, టేపు చుట్ట, నాలుగు సిలికాన్ బిళ్లలు, తేనెపట్టు గళ్లు అచ్చేసిన ప్లాస్టిక్ షీట్లు మూడు, వివరాల కాగితం. బిళ్ల ఒకటి విరిగే వచ్చింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

టేపు పని మాత్రం భలే సాగింది. 2004లో మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తలు గైమ్, నోవోసెలోవ్ గ్రాఫీన్ తీసిందీ ఇలాగే, గ్రాఫైట్‌కి టేపు అంటించడం, పీకడం, మళ్లీ పీకడం. సైదాపురం నుంచి వచ్చే అమ్మాయి "మా ఊళ్లో కాకిబంగారం రేకులు తీసినట్టే ఉంది సార్" అంది. చివరికి మైక్రోస్కోపులో ఊదారంగు బిళ్ల మీద కాస్త ముదురు మచ్చ ఒకటి దొరికింది, ఒక్క పొరేనని ఒట్టేసి చెప్పలేను.

అసలు సరుకు షీట్లే. రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి కొంచెం తిప్పితే పెద్ద ముగ్గు లేస్తుంది, తిప్పుడు తగ్గించేకొద్దీ ముగ్గు గడి పెద్దదవుతుంది. నిజం గ్రాఫీన్‌లో 1.1 డిగ్రీల దగ్గర ఆ గడి 13 నానోమీటర్లు ఉంటుంది, 2018లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లకు సూపర్‌కండక్టివిటీ, అంటే కరెంటు అడ్డే లేకుండా పారడం, దొరికింది అక్కడే. మూడో షీట్లో పరమాణువులకు బదులు వేసిన చుక్కలు ఒకటి ఎరుపు, పక్కది నీలం. గడి మధ్యలో గుండుసూది గుచ్చి సగం చుట్టు తిప్పితే మిగతా షీట్లు తిప్పనట్టే ఉంటాయి, ఇందులో మాత్రం ఎరుపున్న చోటికి నీలం వస్తుంది. సిమెట్రీ విరగడం అంటే ఇదే అన్నా, వెనక బెంచీ వాళ్లు కూడా తలూపారు.

కోపమంతా కాగితం మీదే. చుక్కలు వేరైతే గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ) తెరుచుకుంటుంది, అదే టోపలాజికల్ పదార్థం (లోపల కరెంటు పారక, అంచున మాత్రం పారేది) అని రాసేశారు. గ్యాప్ నిజమేనండీ, కానీ అంతమాత్రాన వచ్చేది ఎక్కడా కరెంటు పారని మామూలు ఇన్సులేటరే. అంచు వెంట కరెంటు ఒకే దిక్కున, వెనక్కి మళ్లకుండా పోవాలంటే కాలాన్ని తిరగేసినా మారకుండా ఉండే సిమెట్రీ కూడా విరగాలి, 1988లో భౌతికశాస్త్రవేత్త హాల్డేన్ చూపించింది అది. తిప్పిన రెండు పొరల గ్రాఫీన్‌ని బోరాన్ నైట్రైడ్ (అవే తేనెపట్టు గళ్లుండే ఇన్సులేటర్) మీద వరుస కలిపి పెడితే 2019లో ఆ రెండు సిమెట్రీలు విరగడమూ కలిసొచ్చింది, బయటి అయస్కాంతం లేకుండానే, ఎలక్ట్రాన్లు వాటంతటవే ఒక పక్కకి మొగ్గడం వల్ల. అదీ మూడు కెల్విన్ల, అంటే దాదాపు మైనస్ 270 డిగ్రీల చలిలో. డబ్బా మీద "ఇంట్లోనే టోపాలజీ మార్చండి" అని రాసినాయన మే నెలలో ఒకసారి కావలి రావాలి.

ఐదుకి మూడు స్టార్లు, షీట్ల కోసం. కాగితం వెనకవైపు తెల్లగానే ఉంది, ఇంటర్నల్ మార్కులు వేసుకోడానికి పనికొచ్చింది.