ఇంటి దోపిడీలో ప్రాణం పోతే హత్య కేసు ఎవరెవరి మీద?

అర్ధరాత్రి ఓ ఇంట్లో దోపిడీకి నలుగురు వెళ్లారనుకుందాం. ఒకడు వీధి చివర కారులో కూర్చున్నాడు. ఒకడు గేటు దగ్గర కాపలా. ఇద్దరు తలుపు పగలగొట్టి లోపలికి దూరారు. అలికిడికి లేచిన పెద్దాయన కేకలు వేస్తే, లోపలున్నవాళ్లలో ఒకడు ఇనుప రాడ్డుతో తల మీద కొట్టాడు. పెద్దాయన చనిపోయాడు. కొట్టినవాడు ఏ1, అందులో గొడవేం లేదు. మరి ఏ2, ఏ3, ఏ4?

'కలిసే వెళ్లారుగా, అందరిదీ హత్యే' అని కోపంలో ఎవరైనా అంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం కూడా అదే అంటుంది. దాన్ని ఫెలొనీ మర్డర్ రూల్ అంటారు. దోపిడీ లాంటి పెద్ద నేరం జరుగుతుండగా మనిషి చనిపోతే, చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అని అడగరు. దోపిడీలో భాగమైతే చాలు, హత్య కూడా మెడకు చుట్టుకుంటుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇంటి యజమాని కాల్పుల్లో దొంగల్లోనే ఒకడు చనిపోయినా ఆ చావు మిగతా దొంగల ఖాతాలోకే వెళ్తుంది!

ఈ పద్ధతిని మొరటుదని కొట్టిపారేయలేం. చీకట్లో, ముఖాలకు గుడ్డలు కట్టుకుని చేసిన పని. చూసిన ఒక్క సాక్షి చనిపోయిన మనిషే కావచ్చు. పట్టుబడ్డాక నలుగురూ 'నేను బయటే ఉన్నాను సార్' అంటారు. రాడ్డు ఎవరి చేతిలో ఉందో తేల్చాల్సిన అవసరం లేని చట్టం అక్కడ బాగా పనికొస్తుంది.

కానీ తూకం తప్పేదీ అక్కడే. ఫ్లోరిడాలో ఓ పల్లె ఇంట్లో వృద్ధ దంపతుల్ని దోచుకుని చంపిన కేసులో, రోడ్డు పక్కన కారులో ఎదురుచూసిన మనిషికీ మరణశిక్ష వేశారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది చెల్లదంది. చంపనివాడికి, చంపడానికి ప్రయత్నించనివాడికి, చంపాలని అనుకోనివాడికి ఉరి కుదరదని చెప్పింది. 1987లో మళ్లీ కొంచెం వెనక్కి తగ్గింది. నేరంలో ప్రధాన పాత్ర ఉండి, ఎదుటివాళ్ల ప్రాణాల్ని ఏమాత్రం లెక్కచేయకపోతే ఉరి వేయవచ్చంది. ఇవి శిక్ష గురించిన తీర్పులు. కాలిఫోర్నియా 2018లో చట్టం మార్చి, అదే కొలతను అసలు హత్యానేరం నిలుస్తుందా అన్న ప్రశ్నకే వాడింది.

ఇంగ్లండు దారి వేరు. ఇలాంటి రూల్ పుట్టింది ఇంగ్లిష్ న్యాయంలోనే, 1957లో దాన్ని రద్దు చేసిందీ వాళ్లే. తర్వాత 1984లో హాంకాంగ్‌లోని ఓ ఫ్లాట్‌లో జరిగిన దోపిడీ హత్య మీద బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల అప్పీళ్లు వినే లండన్ కోర్టు ప్రివీ కౌన్సిల్ ఇంకో దారి తెరిచింది. తోటివాడు చంపవచ్చని ముందే ఊహించి కూడా వెంట వెళ్తే హత్యలో భాగస్వామే అంది. 2016లో జోగీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు, 32 ఏళ్లు తప్పుదారిలో నడిచామని ఒప్పుకుంది. ఇప్పుడక్కడ ఊహించడం ఒక సాక్ష్యం మాత్రమే. హత్యకు సాయపడాలన్న ఉద్దేశం రుజువైతేనే హత్య, లేకపోతే మ్యాన్‌స్లాటర్ (హత్య కంటే తక్కువ స్థాయి నరహత్య) దాకా రావచ్చు. సూత్రంగా ఇది నాకు నచ్చుతుంది. కాకపోతే మనసులో ఏముందో తేల్చడం కోర్టుకు మహా తలనొప్పి.

ఇక మన భారత చట్టానికి వస్తే, అది తలలు లెక్కపెడుతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్‌లో సెక్షన్ 310(3) చూడండి. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేసే బందిపోటు దోపిడీలో ఒకడు హత్య చేస్తే, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉరి, యావజ్జీవం, లేదా పదేళ్లకు తగ్గని కఠిన కారాగారం. పాత ఐపీసీ 396లో మూడోది 'పదేళ్ల వరకు' అని ఉండేది. అప్పట్లో గరిష్ఠం, ఇప్పుడు కనిష్ఠం. కాపలా ఉన్నవాడి విషయంలో జడ్జికి ఉన్న వెసులుబాటు ఆ ఒక్క మార్పుతో పోయింది. విచిత్రమేమిటంటే పక్క సెక్షన్ 311లో మారణాయుధం వాడినవాడికి కనీసం ఏడేళ్లు అన్నారు. దీని పాత రూపం ఐపీసీ 397 కింద కోర్టులు ఆ కనీస శిక్షను ఆయుధం వాడినవాడికే పరిమితం చేశాయి.

మన కథలో ఉన్నది నలుగురే. కాబట్టి 310(3) రాదు. హత్య అందరి మీదా నిలవాలంటే బీఎన్‌ఎస్ సెక్షన్ 3(5) కింద ఉమ్మడి ఉద్దేశం రుజువు కావాలి. 'నేను బయట నిలబడ్డాను' అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. కలకత్తా పోస్టాఫీసు దోపిడీ కేసులో 1925లోనే ప్రివీ కౌన్సిల్ ఆ వాదనను తోసిపుచ్చింది. అయినా దోపిడీకి ఒప్పుకోవడమూ చంపడానికి ఒప్పుకోవడమూ ఒకటి కాదు. అదే కారులో ఇంకొకడు ఎక్కి కూర్చుని ఉంటే ఈ చర్చ అంతా అక్కర్లేకుండా పోయేది. నలుగురికి ఒక న్యాయం, అయిదుగురికి ఇంకో న్యాయమా?

నన్నడిగితే వీటన్నిటికంటే మేలైనది ఎవరూ పెద్దగా మాట్లాడుకోని 331(8), అంటే పాత ఐపీసీ 460. చీకటి పడ్డాక ఇంట్లో చొరబడినప్పుడు ఒకడు కావాలని ప్రాణం తీస్తే, ఆ చొరబాటులో కలిసి పాల్గొన్న అందరికీ యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు జైలు. ఉరి లేదు, కనీస శిక్షా లేదు. హత్య అనే పేరు ఉద్దేశం ఉన్నవాళ్లకే మిగులుతుంది, మిగతావాళ్లూ ఊరికే బయటపడరు. దీని లోపం ఒకటే, ఎవరికెంత తెలుసు అన్నది సెక్షన్‌లో రాయలేదు, జడ్జికి వదిలేసింది. కాలిఫోర్నియా కొలత అవసరమయ్యేది అక్కడే. మన కారువాడికి రాడ్డు సంగతి ముందే తెలుసా? కేక వినబడ్డాక ఏం చేశాడు, ఇంజన్ స్టార్ట్ చేశాడా, వెళ్లి ఆపాడా? తెలిసీ కదలకపోతే యావజ్జీవం వేసినా నాకు అభ్యంతరం లేదు. ఏమీ తెలియదని నమ్మదగ్గ ఆధారం ఉంటే పదేళ్ల లోపు చాలు.